రక్తంలోని, మెదడులోని కొవ్వు ఆమ్లాలు: బెంగళూరు ప్రయోగశాల నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

జూన్, రెండవ వారం

రక్త పరీక్ష చేయించుకున్నవారి చేతికి వచ్చే లిపిడ్ ప్రొఫైల్ కాగితంలో సాధారణంగా మొత్తం కొలెస్టరాల్, ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు అనే నాలుగు అంకెలు ఉంటాయి. గుండె, రక్తనాళాల విషయంలో అవి వైద్యులకు ఎంతో అక్కరకు వస్తాయి. అయితే ఆ కొవ్వులు ఏయే కొవ్వు ఆమ్లాలతో నిర్మితమైనాయో, వాటిలో మెదడుకు చేరేవి ఏవో ఆ కాగితం చెప్పదు. మెదడు కొలెస్టరాల్ సంగతి మరీ వేరు. శరీరపు బరువులో 2 శాతమే ఉన్న మెదడులో శరీరంలోని కొలెస్టరాల్‌లో ఇంచుమించు నాలుగో వంతు ఉంటుంది. అది దాదాపు అంతా మెదడు తనకు తాను తయారుచేసుకొన్నదే తప్ప, రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్ రక్త-మెదడు అవరోధాన్ని దాటి తెచ్చి ఇచ్చినది కాదు.

ఒకటికి మించి ద్విబంధాలున్న బహుళ అసంతృప్త కొవ్వు ఆమ్లాల విషయంలో మాత్రం మెదడు రక్తం మీద ఆధారపడక తప్పదు. కొన్ని కొవ్వు ఆమ్లాలు ఆహారం ద్వారానే అందాలని, అవి లేని ఎలుకలు ఎదగక జబ్బుపడతాయని జార్జ్ బర్, మిల్డ్రెడ్ బర్ దంపతులు 1929లోనే చూపించారు. ఒమేగా-6 వరుసకు మూలమైన లినోలిక్ ఆమ్లం, ఒమేగా-3 వరుసకు మూలమైన ఆల్ఫా-లినోలెనిక్ ఆమ్లం అటువంటివి. వీటి నుంచి కాలేయం ప్రధానంగా, వరుసగా, అరకిడోనిక్ ఆమ్లాన్ని, డోకోసాహెక్సానోయిక్ ఆమ్లాన్ని, అంటే డీహెచ్‌ఏను, తయారుచేసి రక్తంలోకి పంపుతుంది. మనిషి మెదడు పైపొర అయిన మస్తిష్క వల్కలంలోని మొత్తం కొవ్వు ఆమ్లాలలో డీహెచ్‌ఏ ఒక్కటే 10 నుంచి 15 శాతం వరకు ఉంటుంది.

మా ప్రాజెక్టు ప్రశ్న ఒక్కటే. రక్తంలోని ఏ భాగాన్ని కొలిస్తే మెదడులోని డీహెచ్‌ఏ గురించి నమ్మదగిన సూచన దొరుకుతుంది? ప్లాస్మాలోనా, ఎర్ర రక్తకణాలలోనా, ప్లాస్మాలోనే ఒక ప్రత్యేకమైన లిపిడ్ తరగతిలోనా? బతికి ఉన్న మనిషి మెదడు నుంచి నమూనా తీయలేము కనుక పనిని రెండు పాయలుగా చేశాము. బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల నుంచి, మానవ పరిశోధనల నైతిక సంఘం అనుమతితో, స్వచ్ఛందంగా ముందుకు వచ్చినవారి రక్తాన్ని తీసుకొంటున్నాము. మరో పక్క జంతు ప్రయోగాల నైతిక సంఘం అనుమతితో ఎలుకలకు వేర్వేరు నూనెలున్న ఆహారం పెట్టి, వాటి రక్తాన్ని, మెదడును ఒకేసారి పరీక్షిస్తున్నాము.

జూన్, చివరి వారం

ఈ వారమంతా లిపిడ్ల నిష్కర్షణకే, అంటే నమూనా నుంచి కొవ్వులను వేరుచేసి తీయడానికే, సరిపోయింది. మేము అనుసరిస్తున్నది 1957లో ఫోల్చ్, లీస్, స్లోన్ స్టాన్లీ ప్రకటించిన పద్ధతి. క్లోరోఫామ్ రెండు పాళ్లు, మెథనాల్ ఒక పాలు కలిపిన ద్రావణాన్ని కణజాలానికి ఇరవై రెట్లు తీసుకొని, కణజాలాన్ని అందులో నలగగొట్టి, వడగట్టి, ఆ ద్రావణంలో ఐదో వంతు ఉప్పునీరు కలిపితే రెండు పొరలుగా విడిపోతుంది. లిపిడ్లు కింది క్లోరోఫామ్ పొరలో ఉంటాయి. ఫోల్చ్ ఈ పద్ధతిని రూపొందించుకొన్నదే మెదడు కణజాలంతో పనిచేస్తూ. అందుకేనేమో, మెదడుకు ఇది పొసగినంతగా వేరొక పద్ధతి పొసగలేదు. 1959 నాటి బ్లై, డయర్ల పద్ధతికి ద్రావణం తక్కువ పడుతుంది గాని, అది మొదట చేప కండరం వంటి కొవ్వు తక్కువ, నీరు ఎక్కువ ఉన్న కణజాలానికి ఉద్దేశించినది. ప్లాస్మాకు, మెదడుకు వేర్వేరు పద్ధతులు వాడితే రెండింటి మధ్య కనిపించే తేడాలో పద్ధతి తెచ్చిన తేడా ఎంతో తేల్చలేము కనుక, రెండింటికీ ఫోల్చ్ పద్ధతినే స్థిరం చేసుకొన్నాము.

మెదడు నమూనాలలో రెండు పొరల మధ్య తెల్లని పొర ఒకటి దట్టంగా ఏర్పడుతుంది. నాడీ తంతువులు నిండిన మెదడు భాగమైన తెల్ల పదార్థం ఎక్కువగా ఉన్నచోట్ల ఆ పొర మరీ చిక్కగా ఉండి, కింది పొరను తీసే గాజు పిపెట్‌కు అడ్డుపడుతుంది. దానిని కదపకుండా గాజు సిరంజిని పక్క నుంచి నెమ్మదిగా దించడం చేతికి అలవాటు కావాలి. పై నీటి పొరను పారబోయకుండా దాచిపెట్టాలని కూడా నిర్ణయించాము. మెదడులో సమృద్ధిగా ఉండే గాంగ్లియోసైడ్లు అనే లిపిడ్లు తమకున్న చక్కెర గొలుసుల వల్ల ఆ పొరలోకే పోతాయి. ఈ ప్రాజెక్టులో వాటిని కొలవము గాని, వాటిని వదిలిపెట్టిన సంగతి లెక్కలో ఉండాలి.

ప్లాస్టిక్‌ను పూర్తిగా మానివేశాము. క్లోరోఫామ్ తగిలిన ప్లాస్టిక్ గొట్టం నుంచి థాలేట్లు, ఇతర పదార్థాలు కరిగి వచ్చి, కొవ్వు ఆమ్లాలను ఒక్కొక్కటిగా విడదీసి చూపే గ్రాఫ్ అయిన గ్యాస్ క్రొమటోగ్రామ్‌లో పీకులుగా, అంటే శిఖరాలుగా, కనిపిస్తాయి. టెఫ్లాన్ లైనింగ్ ఉన్న మూతల గాజు గొట్టాలే వాడుతున్నాము. ద్రావణంలో ముందే ఆక్సీకరణను అడ్డుకొనే బీహెచ్‌టీ కొంచెం కలుపుతున్నాము. ఆరు ద్విబంధాలున్న డీహెచ్‌ఏను గాలిలోని ఆక్సిజన్ నుంచి కాపాడడానికి అది తప్పనిసరి. ఆరబెట్టడం కూడా నైట్రోజన్ ధార కిందనే. పీణ్య పారిశ్రామిక వాడ నుంచి వచ్చే సిలిండర్లలో అత్యంత శుద్ధమైన రకాన్నే తెప్పించాలని పట్టుబట్టాను. ఖర్చు ఎక్కువే, కాని ఈ పనిలో పొదుపు చేయవలసిన చోటు అది కాదు.

జులై, మొదటి వారం

అంతర్గత ప్రమాణం గురించిన చర్చ ఈ వారం తేలింది. నమూనాలో సహజంగా లేని కొవ్వు ఆమ్లాన్ని తెలిసిన పరిమాణంలో ముందే కలిపితే, చివరకు దాని పీకు వైశాల్యంతో మిగతావాటిని పోల్చి అసలు పరిమాణాలను లెక్కగట్టవచ్చు. చాలా ప్రయోగశాలల్లో ఇందుకు పదిహేడు కార్బన్ల హెప్టాడెకనోయిక్ ఆమ్లాన్ని, అంటే 17:0ను, వాడతారు (మొదటి అంకె కార్బన్ల సంఖ్య, రెండోది ద్విబంధాల సంఖ్య). మా స్వచ్ఛంద రక్తదాతలకు అది పనికిరాదని నా అభిప్రాయం. ఆవు, గేదె వంటి నెమరువేసే పశువుల పొట్టలోని సూక్ష్మజీవులు బేసి సంఖ్య కార్బన్ల కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తాయి. అవి పాలలోకి, అక్కడి నుంచి పాలు తాగేవారి రక్తంలోకి చేరతాయి. పోషకాహార పరిశోధకులు రక్తంలోని 15:0, 17:0లను పాల వాడకానికి గుర్తుగానే చూస్తారు. పూటపూటా పెరుగన్నం, ముద్దపప్పులో నెయ్యి, రోజుకు రెండు మూడుసార్లు కాఫీ ఉన్న ఇళ్లవారి ప్లాస్మాలో 17:0 సహజంగానే ఉండగా, దానినే ప్రమాణంగా కలిపితే మిగతా కొవ్వు ఆమ్లాలన్నీ ఉన్నదానికంటే తక్కువగా లెక్కకు వస్తాయి. పైగా ఆ లోటు ఒక్కొక్కరిలో ఒక్కొక్క రకంగా, వారు తినే పెరుగును బట్టి మారుతుంది.

23:0 వాడదామని ఒక సూచన వచ్చింది. ప్లాస్మాకు అది సరిపోవచ్చు గాని, మెదడులోని స్ఫింగోలిపిడ్లలో పొడవైన బేసి గొలుసులు సహజంగానే ఉంటాయి. చివరకు పందొమ్మిది కార్బన్ల 19:0ను ఎంచుకొన్నాము. క్రొమటోగ్రఫీ యంత్రంలో ఆమ్లాలు విడిపోయే సన్నని గొట్టమైన మా కాలమ్‌లో అది దగ్గరలోని పద్దెనిమిది కార్బన్ల అసంతృప్త ఆమ్లాల పీకులతో కలిసిపోకుండా విడిగా వస్తుందని ప్రమాణ మిశ్రమంతో సరిచూసుకొన్నాక, ప్రమాణం కలపని నమూనాలను కూడా నడిపించి ఆ చోటు ఖాళీగా ఉందని నిర్ధారించుకొన్నాము.

జులై, మూడవ వారం

గ్యాస్ క్రొమటోగ్రఫీకి ముందు కొవ్వు ఆమ్లాలను మిథైల్ ఎస్టర్లుగా మార్చాలి. మోరిసన్, స్మిత్‌లు 1964లో ప్రకటించిన బోరాన్ ట్రైఫ్లోరైడ్-మెథనాల్ పద్ధతిని తీసుకొన్నాము. ఇక్కడ లిపిడ్లన్నీ ఒకే తీరుగా లొంగవు. కణపు పొరలను కట్టే సాధారణ ఫాస్ఫోలిపిడ్లలో కొవ్వు ఆమ్లం ఎస్టర్ బంధంతో ఉంటుంది, కొద్ది నిమిషాల వేడికే విడిపోతుంది. స్ఫింగోమైలిన్ అనే లిపిడ్‌లో ఉన్నది ఎమైడ్ బంధం. అది విడిపోవడానికి 100 డిగ్రీల సెల్సియస్ వద్ద 90 నిమిషాలు కావాలి. తక్కువ సమయం వేడిచేస్తే, మెదడు తెల్ల పదార్థానికి ముఖ్యమైన 24:0, దాని జోడీ అయిన నెర్వోనిక్ ఆమ్లం 24:1, రెండూ సగంలోనే ఆగిపోతాయి. డీహెచ్‌ఏ శాతం ఆ మేరకు పెరిగినట్లు కనిపిస్తుంది.

ఆ 100 డిగ్రీలు బెంగళూరులో నీటితో రావు. ఈ ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. ఇక్కడ నీరు ఇంచుమించు 97 డిగ్రీలకే మరుగుతుంది. మరిగే నీటి తొట్టిలో గొట్టాలు పెట్టి 100 డిగ్రీలని రాసుకొంటే చెన్నైలో చేసినదానికి, ఇక్కడ చేసినదానికి పోలిక కుదరదు. అందువల్ల నీటి తొట్టిని పక్కన పెట్టి, లోహపు డ్రై బ్లాక్ హీటర్‌ను వాడుతూ, గొట్టం లోపలి ద్రవంలోనే థర్మోమీటరు పెట్టి ఉష్ణోగ్రతను నిర్ధారించుకొంటున్నాము. వేర్వేరు సమయాల పాటు వేడిచేసిన మెదడు నమూనాలను పోల్చినప్పుడు, 24:1 పెరుగుతూ వచ్చి ఒక దశలో స్థిరపడడం చక్కగా కనిపించింది. మొత్తం ప్రాజెక్టుకు ఆ దశ దాటిన సమయాన్నే ఖరారు చేశాము.

ఆగస్టు, మొదటి వారం

సయానోప్రొపైల్ పూత ఉన్న 100 మీటర్ల కాలమ్‌ను బిగించాము. ఓవెన్‌ను 140 డిగ్రీల వద్ద 5 నిమిషాలు నిలిపి, నిమిషానికి 4 డిగ్రీల చొప్పున 240 వరకు పెంచుతున్నాము. 37 మిథైల్ ఎస్టర్ల ప్రమాణ మిశ్రమం బాగానే విడిపోయింది. అంతటితో తృప్తిపడకుండా, కూర్పు మనకు ముందే తెలిసిన వంటనూనెలను కూడా నడిపించాము. సూర్యకాంతి నూనెలో లినోలిక్ ఆమ్లం మిగతావాటిని మించి కనిపించింది. అవిసె నూనెలో ఆల్ఫా-లినోలెనిక్ సగానికి పైగా ఉంది. వేరుశనగ నూనెలో ఒలీక్, లినోలిక్‌ల తరువాత 20:0, 22:0, 24:0 అనే పొడవైన సంతృప్త ఆమ్లాలు చిన్న చిన్న పీకులుగా వరుసగా వచ్చాయి. ఆ మూడూ అలా వచ్చాయంటే అది గానుగ నుంచి తెచ్చిన అసలైన వేరుశనగ నూనె అని చెప్పవచ్చు. కల్తీ పరీక్ష మా పని కాదు గాని, మా టెక్నీషియన్ అన్న చిత్తూరు నుంచి తెచ్చిన నూనె ఆ పరీక్షలో నిలిచినందుకు ఆయన ఎంతో సంతోషించారు.

తరువాత మెదడు నమూనాలను పెట్టగానే ప్రమాణ మిశ్రమంలో లేని పీకులు కొన్ని కనిపించాయి. ఒకటి 16:0కు కొంచెం ముందు, మరికొన్ని 18:0, 18:1లకు ముందు. ఇవి కాలుష్యమైతే ఖాళీ నమూనాలోనూ రావాలి, అందులో లేవు. ప్లాస్మాలో వాటి జాడ చాలా స్వల్పం, ఎర్ర రక్తకణాలలో చిన్నవి, మెదడులో పెద్దవి. ఈ క్రమమే మాకు దారి చూపింది. ప్లాస్మలోజెన్లు అనే ఫాస్ఫోలిపిడ్లు నాడీ తంతువులకు తొడుగైన మైలిన్‌లో సమృద్ధిగా, ఎర్రకణపు పొరలో మధ్యస్థంగా ఉంటాయి. వాటి ఒక గొలుసు ఎస్టర్ బంధంతో కాక వినైల్ ఈథర్ బంధంతో ఉంటుంది. ఆమ్ల మాధ్యమంలో వేడిచేసినప్పుడు అది మిథైల్ ఎస్టర్‌గా కాకుండా డైమిథైల్ ఎసిటాల్‌గా మారి, కాలమ్‌లో తన జోడీ ఎస్టర్‌కు కాస్త ముందే బయటకు వస్తుంది.

అనుకోవడం వేరు, రుజువు చేయడం వేరు కనుక రెండు పరీక్షలు చేశాము. అదే నమూనాను ఆమ్లానికి బదులు సోడియం మిథాక్సైడ్‌తో, అంటే క్షారంతో, మార్చి చూశాము. క్షారం వినైల్ ఈథర్‌ను తాకదు. ఊహించినట్లే ఆ పీకులన్నీ మాయమైనాయి. ఆపై అణువుల, వాటి ముక్కల ద్రవ్యరాశిని కొలిచే మాస్ స్పెక్ట్రోమీటరు జోడించిన యంత్రంలో వాటిని పరిశీలిస్తే, డైమిథైల్ ఎసిటాల్‌కు గుర్తయిన 75 ద్రవ్యరాశి అయాన్ మిగతా అన్నింటికంటే ఎత్తుగా నిలిచింది. ఈ పీకులను గుర్తించకుండా వదిలేస్తే మొత్తం లెక్కలో మెదడుకు మాత్రమే ప్రత్యేకంగా ఒక భాగం తగ్గిపోతుంది. గుర్తు తెలియని పీకులని కొట్టివేయకుండా నిలబడి వెతికినందుకు ఈ ప్రాజెక్టుకు దక్కిన మొదటి గట్టి ఫలితంగా దీనిని భావిస్తున్నాను.

ఆగస్టు, చివరి వారం

రక్తదాతల నమూనాలు రావడం మొదలైంది. రాత్రి భోజనం తరువాత ఏమీ తినకుండా పొద్దున్నే వచ్చేవారి నుంచి, రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ ఉన్న గొట్టంలోకి రక్తం తీసుకొంటున్నాము. భోజనం చేసిన వెంటనే తీస్తే, ఆ పూట తిన్న కొవ్వు కైలోమైక్రాన్ల రూపంలో ప్లాస్మాను పాలలా తెల్లగా చేస్తుంది, ట్రైగ్లిజరైడ్ల భాగం ఆ భోజనాన్నే చూపిస్తుంది. సెంట్రిఫ్యూజ్ చేశాక ప్లాస్మాను తీసి, తెల్లకణాల పొరను జాగ్రత్తగా తొలగించి, ఎర్రకణాలను చల్లని సెలైన్‌తో కడిగి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌కు పంపుతున్నాము. ఎర్రకణాలను మైనస్ 20లో పెట్టకూడదన్నది ఇక్కడ అందరికీ తెలిసి ఉండవలసిన విషయం. ఆ ఉష్ణోగ్రతలో హిమోగ్లోబిన్‌లోని ఇనుము పనిచేస్తూనే ఉండి, పొరలోని డీహెచ్‌ఏను, అరకిడోనిక్ ఆమ్లాన్ని వారాల వ్యవధిలో ఆక్సీకరణం చేసి పోగొడుతుంది. ప్లాస్మా పక్కనే బాగానే ఉంటుంది. తరువాత కొలిచినవారికి ఆ మనిషి ఒమేగా-3 తక్కువగా తింటున్నాడని అనిపిస్తుంది.

ఆహార ప్రశ్నావళిని తెలుగులో తయారుచేశాము. ఏ నూనె వాడతారు, ఏ చేప తింటారు అన్న రెండింటి మీదనే ఎక్కువ వివరంగా అడుగుతున్నాము. చేప తింటామని చెప్పిన చాలామంది తినేది కొల్లేరు, భీమవరం వైపు చెరువుల నుంచి వచ్చే బొచ్చె, రోహు వంటి మంచినీటి చేపలే. మంగళూరు తీరం నుంచి ఇక్కడి మార్కెట్లకు వచ్చే కానాగంతలు, కవళ్లు వంటి సముద్రపు కొవ్వు చేపలలో ఉన్నంత డీహెచ్‌ఏ వాటిలో ఉండదు. అందుచేత ‘వారానికి ఎన్నిసార్లు చేప తింటారు’ అన్న ఒక్క ప్రశ్న మన ప్రాంతంవారికి చాలదు.

అనంతపురం వైపు నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న ఒక పెద్దావిడ, రక్తం ఇచ్చాక, “ఏమ్మా, మా ఇంట్లో నీసు ముట్టము. మరి మెదడుకు కావలసిన ఆ కొవ్వు మాకు లేనట్టేనా?” అని అడిగారు. “లేకపోవడం కాదమ్మా. అవిసె గింజల పొడిలో, గంగవాయిలి కూరలో దాని మూలం ఉంది. దాని నుంచి శరీరం కొంత తయారుచేసుకొంటుంది. అయితే ఆ తయారీ మనుషుల్లో చాలా కొద్దిగానే జరుగుతుంది” అని చెప్పాను. ఆవిడ అడిగిన ప్రశ్న చాలా సరైన ప్రశ్న. తరతరాలుగా శాకాహారులైనవారి మెదడుకు డీహెచ్‌ఏ ఎంత అందుతున్నదన్నది రక్తంలోని మొత్తం శాతాన్ని చూసి తీర్పు చెప్పగలిగిన విషయం కాదు. ఎందుకంటే మెదడుకు రోజుకు కావలసినది చాలా స్వల్పం. మనుషుల మీద పాజిట్రాన్ స్కాన్‌లతో చేసిన అధ్యయనంలో మెదడు రోజుకు వాడుకొనే డీహెచ్‌ఏ సుమారు 4 మిల్లీగ్రాములేనని, అక్కడ అది సగం మారడానికి రెండున్నర సంవత్సరాలు పడుతుందని అంచనా వేశారు. ఎర్రకణం ఆయుష్షు 120 రోజులు. ప్లాస్మా కొవ్వులు రోజులు, వారాలలోనే మారిపోతాయి. ఈ మూడు గడియారాల వేగం వేర్వేరు అన్నది మా ప్రశ్నకు నడుమ ఉన్న చిక్కు.

సెప్టెంబరు, రెండవ వారం

లిపిడ్ తరగతులను సిలికా ప్లేటు మీద విడదీస్తున్నాము. హెక్సేన్, డైఇథైల్ ఈథర్, ఎసిటిక్ ఆమ్లం 80:20:1 పాళ్లలో కలిపి నడిపిస్తే, ఫాస్ఫోలిపిడ్లు మొదటి గీత దగ్గరే ఆగిపోతాయి, కొలెస్టరాల్, స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు, ట్రైగ్లిజరైడ్లు వరుసగా పైకి వెళతాయి, కొలెస్టరాల్ ఎస్టర్లు అన్నింటికంటే పైన చేరతాయి. మచ్చలు కనబడడానికి అయోడిన్ ఆవిరి సులువైన దారి, కాని అది ద్విబంధాలతోనే కలుస్తుంది కనుక మేము కొలవదలచిన ఆమ్లాలనే పాడుచేస్తుంది. ప్రిములిన్ అనే రంగును చల్లి అతినీలలోహిత కాంతి కింద చూసి, మచ్చలను గీకి తీస్తున్నాము.

ఫాస్ఫోలిపిడ్ల మొత్తాన్ని ఫాస్ఫరస్ ద్వారా కొలుస్తున్నాము. లిపిడ్‌ను ఆమ్లంతో పూర్తిగా దహించి, విడిపోయిన ఫాస్ఫేట్‌కు మాలిబ్డేట్ కలిపి, క్షయకరణకారితో నీలిరంగు తెప్పించి, ఆ రంగును 830 నానోమీటర్ల వద్ద చదవడం బార్ట్‌లెట్ 1959లో స్థిరపరచిన పద్ధతి. అందులో వాడే క్షయకరణకారి ఈనాటికీ ఫిస్కె-సుబ్బారావు రీఏజెంటే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కెతో కలిసి 1925లో ప్రకటించిన ఫాస్ఫరస్ కొలత అది. ఆ కొలతను చేతబట్టుకొనే ఆ ఇద్దరూ కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, తరువాత ఏటీపీని గుర్తించారు. కొత్తగా చేరిన విద్యార్థులకు ఈ రీఏజెంటును నా చేత్తోనే కలిపి చూపిస్తాను, ఆయన గురించి రెండు మాటలు చెప్పకుండా మాత్రం ఉండను. నూరేళ్ల తరువాత కూడా మెదడు ఫాస్ఫోలిపిడ్లను లెక్కించడానికి ఆయన కొలత మీద ఆధారపడుతున్నామంటే దానిని ఎంత జాగ్రత్తగా నిర్మించారో తెలుస్తుంది. వచ్చిన ఫాస్ఫరస్ బరువును 25తో గుణిస్తే ఫాస్ఫోలిపిడ్ బరువు ఇంచుమించుగా వస్తుంది.

సెప్టెంబరు, చివరి వారం

పాలు మాన్పిన నాటి నుంచి 15 వారాల పాటు వేర్వేరు నూనెల మీద పెరిగిన ఎలుకల నమూనాలు చేతికి వచ్చాయి. ప్రయోగశాల ఎలుకల ప్రామాణిక ఆహారమైన ఏఐఎన్-93లో ఉండే సోయా నూనె ఒక వర్గానికి. ఒమేగా-3 దాదాపు లేని సూర్యకాంతి నూనె మరొక వర్గానికి. సూర్యకాంతి నూనెలో అవిసె నూనె కలిపినది మూడవ వర్గానికి. డీహెచ్‌ఏ ఉన్న నూనె కలిపినది నాలుగవ వర్గానికి.

మెదడును తీసే పద్ధతి మీద చాలా ఆలోచించవలసి వచ్చింది. మెదడుకు రక్తం ఆగిన క్షణాలలోనే పొరల నుంచి అరకిడోనిక్ ఆమ్లం, డీహెచ్‌ఏ విడిపోయి స్వేచ్ఛా రూపంలో పోగవుతాయని నికొలాస్ బజాన్ 1970లో చూపించారు. స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలను కొలవాలంటే మైక్రోవేవ్ కిరణాలతో ఎంజైములను అక్కడికక్కడే నిలిపివేయాలి. మేము కొలిచేది ఫాస్ఫోలిపిడ్లలో బంధించి ఉన్న భాగం. అది ఆ కొద్ది క్షణాలలో చెప్పుకోదగ్గంత మారదు. మెదడు రక్తనాళాలలో మిగిలిన రక్తం మా ప్రశ్నకు ఎక్కువ ప్రమాదం కనుక చల్లని సెలైన్‌తో కడిగిన తరువాతే తీసి, వల్కలాన్ని, తెల్ల పదార్థపు కార్పస్ కలోసమ్‌ను వేరుచేసి, ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించాము. మొత్తం మెదడును ఒకటిగా నూరితే డీహెచ్‌ఏ ఎక్కువగా ఉన్న బూడిదరంగు పదార్థం, ఒలీక్, నెర్వోనిక్ ఆమ్లాలు ఎక్కువగా ఉన్న తెల్ల పదార్థం కలగాపులగమైపోతాయి.

ఫలితాలలో మొదట చెప్పవలసినది ప్లాస్మాకు, మెదడుకు ఉన్న దూరం. ప్లాస్మా కొలెస్టరాల్ ఎస్టర్లలో ఆహారపు నూనె దాదాపు నేరుగా కనిపిస్తుంది. సూర్యకాంతి వర్గంలో లినోలిక్ ఆమ్లమే అత్యధికం. అదే జంతువు వల్కలంలో లినోలిక్ ఆమ్లం ఎప్పటిలాగే అతి స్వల్పం. రక్తంలో ఎంత ఉన్నా మెదడు దానిని నిల్వ చేసుకోదు. ఒమేగా-3 వరుసలోనిదే అయిన ఈపీఏ విషయంలోనూ అంతే. లోపలికి వెళ్లినది వెంటనే దహనమైపోతుంది. సూర్యకాంతి వర్గంలో ప్లాస్మా డీహెచ్‌ఏ బాగా పడిపోయింది, ఎర్రకణాలలోనూ తగ్గింది, వల్కలంలో మాత్రం తగ్గుదల అంతకంటే తక్కువ. తక్కువైన చోటిని ఒమేగా-6 వరుసలోని 22:5 ఆక్రమించింది. డీహెచ్‌ఏ కంటే ఒక్క ద్విబంధమే తక్కువగా ఉండే ఆ ఆమ్లం పెరగడం మెదడులో ఒమేగా-3 కొరతకు పాతకాలం నుంచీ తెలిసిన గుర్తు. మాకు ఆసక్తి కలిగించిన సంగతి, ఎర్రకణాలలోనూ అదే 22:5 అదే దిశలో పెరగడం. డీహెచ్‌ఏ శాతం కంటే ఈ రెండింటి నిష్పత్తే మెదడుతో ఎక్కువ దగ్గరగా నడుస్తున్నది.

అవిసె వర్గపు వల్కలం సోయా వర్గానికి తేడా లేకుండా ఉంది. దీనిని చూసి అవిసె చాలునని మనుషులకు చెప్పడానికి వీలులేదు, ఎలుక కాలేయం ఈ మార్పిడిని మనకంటే చాలా చురుగ్గా చేస్తుంది. డీహెచ్‌ఏ నేరుగా ఇచ్చిన వర్గంలో ఎర్రకణాలలో అది బాగా పెరిగినా, వల్కలంలో పెరుగుదల స్వల్పమే. కొరత లేని మెదడు అవసరానికి మించి తీసుకోదని దీని అర్థం. 2004లో హారిస్, ఫాన్ షాకీ ప్రతిపాదించిన ఒమేగా-3 సూచిక ఎర్రకణాలలోని ఈపీఏ, డీహెచ్‌ఏల మొత్తం శాతం. 8 శాతం దాటితే గుండెకు మేలని, 4 లోపు ఉంటే ప్రమాదమని వారు గీత గీశారు. గుండెకు గీసిన ఆ గీతలను మెదడుకు అలాగే అన్వయించకూడదని మా ఫలితాలు చూశాక నేను గట్టిగా చెప్పగలను.

అక్టోబరు, రెండవ వారం

మాస్ స్పెక్ట్రోమీటరులో సమయం దొరికింది. ఫాస్ఫాటిడిల్‌కోలీన్ తరగతి అణువులన్నీ ధనాయన స్థితిలో 184 ద్రవ్యరాశి ఉన్న ముక్కను ఇస్తాయి కనుక వాటిని పట్టుకోవడం సులువు. పట్టుకొన్నదానిలో ఏయే గొలుసులున్నాయో చెప్పడమే కష్టం. ఉదాహరణకు 806.6 దగ్గర కనిపించే అణువులో గొలుసులు రెండూ కలిపి 38 కార్బన్లు, 6 ద్విబంధాలు. అది పామిటిక్, డీహెచ్‌ఏల జంట కావచ్చు, లినోలిక్, అరకిడోనిక్‌ల జంట కూడా కావచ్చు. రుణాయన స్థితిలో గొలుసులను విడగొట్టి చూస్తే మెదడులో 255, 327 ముక్కలే వచ్చాయి, అంటే మొదటి జంటే. ప్లాస్మాలో వాటితోపాటు 279, 303 కూడా ఉన్నాయి. సూర్యకాంతి నూనె తిన్న ఎలుకలో రెండో జంట వాటా ఇంకా ఎక్కువ. విడగొట్టి చూడకుండా ప్లాస్మాలోని ఆ సంకేతాన్నంతా డీహెచ్‌ఏగా రాసుకొంటే, ఎవరికైతే డీహెచ్‌ఏ తక్కువగా ఉందో వారికే ఎక్కువ ఉన్నట్లు తేలుతుంది. మా పట్టికలలో ఇకపై గొలుసులు నిర్ధారించని అణువులను మొత్తపు సంఖ్యలతో మాత్రమే రాయాలని నియమం పెట్టుకొన్నాము.

అక్టోబరు, చివరి వారం

ఇంతవరకు చేసిన పనితో ప్లాస్మా మొత్తపు కొవ్వు ఆమ్లాలు మెదడుకు ప్రతినిధి కావని, ఎర్రకణాలలో డీహెచ్‌ఏకు 22:5తో ఉన్న నిష్పత్తి అంతకంటే మెరుగైన సూచిక అని చెప్పగల స్థితికి వచ్చాము. మిగిలినది లైసోఫాస్ఫాటిడిల్‌కోలీన్. రక్త-మెదడు అవరోధపు కణాలలో ఉండే ఎంఎఫ్‌ఎస్‌డీ2ఏ అనే వాహక ప్రోటీను డీహెచ్‌ఏను ఒంటి గొలుసు ఉన్న ఈ లిపిడ్ రూపంలోనే మెదడులోకి చేరవేస్తుందని 2014లో సింగపూర్ పరిశోధకులు చూపించారు. ఆ ప్రోటీను లేని చిట్టెలుకలలో మెదడు డీహెచ్‌ఏ బాగా తగ్గడమే కాక మెదడే చిన్నదైంది. లోపలికి పోయే దారి ఇదైతే, ప్లాస్మాలో డీహెచ్‌ఏ మోసుకొనే లైసోఫాస్ఫాటిడిల్‌కోలీన్ ఎంత ఉందో కొలవడమే మా ప్రశ్నకు అన్నింటికంటే సూటి అయిన దారి.

ఫోల్చ్ పద్ధతి దీనికి సరిపోదు. ఒకే గొలుసు ఉండడం వల్ల ఈ లిపిడ్‌లో కొంత పై నీటి పొరలోకి జారిపోతుంది. ప్లాస్మాకు బ్యూటనాల్, మెథనాల్ సమపాళ్లలో కలిపి, పొరలుగా విడదీయకుండా ఒకే దశలో తీసే పద్ధతిని దీని కోసం విడిగా ప్రారంభిస్తున్నాము. రెండో స్థానంలోని డీహెచ్‌ఏ గొలుసు నిలవ ఉన్నకొద్దీ మొదటి స్థానానికి తనంతట తానే మారిపోతుంది కనుక, నమూనా కరిగినప్పటి నుంచి యంత్రంలోకి వెళ్లే వరకు అంతా మంచు మీదనే, ఆలస్యం లేకుండా సాగాలి. బరువైన హైడ్రోజన్ అయిన డ్యుటీరియం గుర్తుతో ఉన్న ప్రమాణానికి ఆర్డరు పెట్టాము. అది చేతికి రాగానే ముందుగా సోయా, సూర్యకాంతి వర్గాల ఎలుకల ప్లాస్మాను, ఆ వెంటనే పూర్తి శాకాహారులైన రక్తదాతల ప్లాస్మాను, డీహెచ్‌ఏ మోసే ఆ లిపిడ్ కనిపించే 568.3 దగ్గర కొలవాలని నిర్ణయించాము.